మెట్ట ప్రాంతంలో కుక్కలు, పిల్లుల సాధారణ వ్యాధులు: కనిగిరి పరిసరాల దృష్ట్యా నిర్ధారణ, చికిత్స

కనిగిరి పేరు చెప్పగానే విస్తరణ సిబ్బందికి గుర్తుకు వచ్చేవి వర్షాభావం, ఫ్లోరైడ్ నీరు, కంది, పొగాకు, నెల్లూరు జాతి గొర్రెల మందలు. దర్శి మీదుగా గుంటూరు వైపు సాగేకొద్దీ పత్తి, మిరప చేలు విస్తరిస్తాయి. ఈ వ్యవసాయంలో కుక్కకు, పిల్లికి ఆదాయపు లెక్కల్లో చోటు లేదు. అయినా మంద వెంట రాత్రంతా మేలుకొని ఉండేది కుక్కే; మిరప బస్తాల మధ్య, ధాన్యపు గాదెల చుట్టూ ఎలుకలను అదుపు చేసేది పిల్లే.

పాఠ్యగ్రంథాలలో ఈ రెండు జంతువుల వ్యాధులను ఎక్కువగా నగరపు ఆసుపత్రుల అనుభవం ఆధారంగా వివరిస్తారు. అక్కడి రోగి ఇంట్లో పెరిగిన జంతువు. దాని తిండి, టీకాలు, తిరుగుడు అన్నీ యజమానికి తెలుసు. మెట్ట గ్రామంలో కుక్క ఉదయం చేలో, మధ్యాహ్నం మంద వెంట, రాత్రి ఊళ్లో ఉంటుంది. అది ఏ మందు కలిపిన తొట్టిని నాకిందో, చచ్చిన ఏ గొర్రె తలను కొరికిందో, ఏ పిచ్చికుక్కతో కలబడిందో చూసినవారు ఉండరు. ఫలితంగా ఒకే లక్షణం వెనుక మూడు నాలుగు భిన్న కారణాలు దాగి ఉంటాయి. కనుక ఈ వ్యాసాన్ని వ్యాధుల పేర్ల క్రమంలో గాక, ఆసుపత్రి గుమ్మం వద్ద యజమాని చెప్పే ఫిర్యాదుల క్రమంలో రాయడమైనది. ఆ ఫిర్యాదుకు జంతువు తిరిగిన చోటును జోడించి చూసినప్పుడే ఈ ప్రాంతంలో సరైన నిర్ధారణ సాధ్యమవుతుంది.

తాకకముందు అడగవలసినవి

జంతువుపై చేయి వేయకముందే కొన్ని ప్రశ్నలు పూర్తి కావాలి. గత మూడు రోజులలో చుట్టుపక్కల పొలాలలో ఏ మందు పిచికారీ చేశారు? ఎలుకల ఎర ఎక్కడైనా పెట్టారా? పిడుదులు పోవడానికి ఒంటికి ఏమైనా పూశారా? గత ఆరు నెలలలో వేరే కుక్క, నక్క లేదా ముంగిస కరిచిందా? రేబిస్ టీకా వేసిన ఆధారం ఉందా? ఈ జంతువు నోట్లో ఎవరైనా చేయి పెట్టారా, దాని చొంగ ఎవరి గాయానికైనా తగిలిందా? చివరి ప్రశ్న జంతువు కోసం అడిగేది కాదు, దానిని తెచ్చిన మనిషి కోసం. రైతు సేవా కేంద్రాలలోని పశుసంవర్ధక సహాయకులకు ఇచ్చే శిక్షణలో ఈ ప్రశ్నను అన్నిటికన్నా ముందు చేర్చడం సముచితమని ఈ రచయిత అభిప్రాయం.

తర్వాత ఉష్ణోగ్రత, చిగుళ్ల రంగు, గుండె వేగం, కంటిపాప పరిమాణం నమోదు చేయాలి. ఆరోగ్యవంతమైన కుక్కలో ఉష్ణోగ్రత సుమారు 38 నుండి 39.2 డిగ్రీల సెంటీగ్రేడ్ ఉంటుంది. చిగుళ్లు గులాబీ రంగులో ఉండి, వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలోపు రంగు తిరిగి రావాలి. నాడీ లక్షణాలు కనబడే జంతువుకు ఈ పరీక్షలు చేసేటప్పుడు మందపాటి చేతి తొడుగులు, ముట్టె కట్టు తప్పనిసరి.

చొంగ కారుస్తూ వణికే కుక్క

ఈ ప్రాంతపు పశువైద్యుడికి ఎదురయ్యే అత్యంత క్లిష్టమైన రోగి ఇదే. చొంగ, వణుకు, తూలుడు, మూర్ఛ అన్నవి పురుగుమందు విషప్రభావంలోనూ, డిస్టెంపర్‌లోనూ, రేబిస్‌లోనూ కనబడతాయి. మొదటిదానికి విరుగుడు ఉంది, కానీ గంటల వ్యవధిలో ఇవ్వాలి. రెండవదానికి విరుగుడు లేదు, ఆలంబన చికిత్స మాత్రమే. మూడవదానికి చికిత్సే లేదు. పైగా దగ్గరకు వెళ్లిన ప్రతివారికీ ప్రాణాపాయం. విషప్రభావాన్ని రేబిస్ అనుకుంటే బతకవలసిన కుక్క చస్తుంది. రేబిస్‌ను విషప్రభావం అనుకుంటే మనిషి ప్రాణమే పోవచ్చు. అనుమానం ఉన్నంతవరకు రేబిస్‌గానే భావించి జాగ్రత్తలు పాటిస్తూ, విషానికి చికిత్స ఆలస్యం చేయకపోవడమే ఇందుకు మార్గం. ఈ రెండూ ఏకకాలంలో చేయదగినవే.

పత్తి, మిరప, పొగాకు పైర్లలో వాడే మందులలో ప్రొఫెనోఫాస్, క్లోరిపైరిఫాస్, ఎసిఫేట్ వంటివి ఆర్గానోఫాస్ఫేట్ వర్గానికి చెందుతాయి. ఇవి కోలినెస్టరేజ్ అనే ఎంజైమును అడ్డుకుంటాయి. అందువల్ల నాడీకొనల వద్ద అసిటైల్‌కోలిన్ పేరుకుపోతుంది. లక్షణాలు నిమిషాల నుండి కొద్ది గంటలలో మొదలవుతాయి. చొంగ, కన్నీరు, వాంతి, నీళ్ల విరేచనం, అదుపులేని మూత్రం, సూదిమొనంత కుంచించుకుపోయిన కంటిపాప, చర్మం కింద కండరాల అదురు, ఊపిరితిత్తులలో గురగుర కలిసి కనబడతాయి. మందు కలిపిన నీరు తాగడం కన్నా ఎక్కువగా ఇది సంభవించే మార్గం మరొకటి ఉంది: పిడుదులు పోతాయని పొలంలో మిగిలిన మందును యజమానే కుక్క ఒంటికి రాయడం. అడిగితే మొదట ఒప్పుకోరు. బొచ్చు వాసన చూస్తే తెలుస్తుంది.

అనుమానం తీరనప్పుడు అట్రోపిన్ పరీక్షా మోతాదు ఉపయోగపడుతుంది. కిలో బరువుకు 0.02 మి.గ్రా. చొప్పున సిరలోకి ఇవ్వాలి. 15 కిలోల కుక్కకు ఇది 0.3 మి.గ్రా., అనగా మి.లీ.కు 0.6 మి.గ్రా. గల ఆంపూల్‌లో సగం. కొద్దిసేపటిలోనే నోరు ఎండి, గుండె వేగం పెరిగి, కంటిపాప విప్పారితే ఆర్గానోఫాస్ఫేట్ విషం కాకపోవచ్చు. ఏ మార్పూ లేకపోతే విషప్రభావమనే అనుమానం బలపడుతుంది. అప్పుడు చికిత్సా మోతాదు కిలోకు 0.2 నుండి 0.5 మి.గ్రా.; అందులో నాల్గవ వంతు సిరలోకి, మిగిలినది కండరంలోకి లేదా చర్మం కిందకు ఇవ్వాలి. అదే 15 కిలోల కుక్కకు కనీస మోతాదే 3 మి.గ్రా., అంటే ఐదు ఆంపూళ్లు. ఒకటి రెండు ఆంపూళ్లతో సరిపెట్టి "మందు పని చేయలేదు" అనుకోవడం క్షేత్రస్థాయిలో జరిగే పొరపాటు. మోతాదు చాలినదా లేదా అన్నది కంటిపాపను బట్టి గాక, ఊపిరితిత్తులలో స్రావాలు తగ్గడాన్ని, గుండె వేగాన్ని బట్టి నిర్ణయించాలి. అవసరాన్ని బట్టి మోతాదు పునరావృతం చేయాలి.

అట్రోపిన్ స్రావాలను ఆపుతుంది గాని కండరాల అదురును ఆపదు. దానికి ప్రాలిడాక్సిమ్ కిలోకు 10 నుండి 20 మి.గ్రా. చొప్పున 8 నుండి 12 గంటలకొకసారి ఇవ్వాలి. విషం సోకిన తర్వాత ఎంత త్వరగా ఇస్తే అంత ఫలితం. కార్బమేట్ వర్గపు మందులలో ప్రాలిడాక్సిమ్ వల్ల ప్రయోజనం తక్కువ. కనుక మందు డబ్బాను తప్పక తెప్పించి చూడాలి. ఒంటికి పూసిన సందర్భంలో చేతి తొడుగులు వేసుకుని సబ్బునీటితో రెండు మూడుసార్లు కడగాలి. లేకపోతే ఒకవైపు విరుగుడు ఇస్తుండగా మరోవైపు చర్మం ద్వారా విషం చేరుతూనే ఉంటుంది. మూర్ఛలు ఉన్న జంతువుకు వాంతి చేయించరాదు. రక్తంలో కోలినెస్టరేజ్ స్థాయి సాధారణ విలువలో నాల్గవ వంతుకన్నా తగ్గితే నిర్ధారణ ఖాయం. ఈ పరీక్షకు హెపారిన్ కలిపిన రక్తాన్ని చల్లగా పంపాలి.

డిస్టెంపర్ ఇంత హఠాత్తుగా రాదు. టీకా పడని పిల్లకుక్కలో మొదట జ్వరం, కళ్లు ముక్కుల నుండి చిక్కని పుసి, దగ్గు, విరేచనాలు వస్తాయి. కొన్నింటిలో పొట్టచర్మంపై చీముపొక్కులు, అరికాలి మెత్తలు గట్టిపడటం కనబడతాయి. తగ్గినట్లే తగ్గి, వారాల తరువాత దవడలు నమిలినట్లు కొట్టుకునే మూర్ఛలు మొదలవుతాయి. ఒక కాలి లేదా తల కండరాలు నిద్రలో కూడా తాళం వేసినట్లు ఎగిరిపడటం ఈ వ్యాధికి దాదాపు ముద్రవంటిది. కనురెప్ప లోపలి పొర నుండి తీసిన స్రావంలో వైరస్ ప్రతిజనకాన్ని గుర్తించే పట్టీ పరీక్షలు, ఆర్‌టీ-పీసీఆర్ పరీక్ష అందుబాటులో ఉన్నాయి. మూర్ఛలకు డయజిపామ్, ఫినోబార్బిటాల్, ద్వితీయ అంటువ్యాధులకు యాంటీబయాటిక్స్ ఇస్తారు. నాడీ దశకు చేరిన కుక్కల విషయంలో యజమానికి ఆశ కల్పించడంలో సంయమనం అవసరం.

రేబిస్‌లో రెచ్చిపోయి కరిచే రూపాన్ని గ్రామస్థులు వెంటనే గుర్తిస్తారు. ప్రమాదమంతా పక్షవాత రూపంలో ఉంది. ఆ కుక్క ఎవరినీ కరవదు. మూలన పడి ఉంటుంది. కింది దవడ వేలాడుతుంది, మింగలేక చొంగ కారుతుంది, గొంతు మారుతుంది. చూసినవారికి గొంతులో ఎముక ఇరుక్కున్నట్లు తోస్తుంది. యజమాని, ఒక్కోసారి పశువైద్య సిబ్బంది కూడా, నోట్లో చేయి పెట్టి వెతుకుతారు. దవడ వేలాడే ప్రతి కుక్కనూ రేబిస్ కాదని తేలేవరకు రేబిస్‌గానే చూడాలన్నది ఈ పాఠంలో విద్యార్థి మరువకూడని అంశం. ఆవు, గేదె నెమరు ఆపి, చొంగ కారుస్తూ, పదేపదే ముక్కినప్పుడు కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది. నాగుపాము కాటులోనూ కనురెప్పలు వాలి, చొంగ కారి, కాళ్లు చచ్చుబడతాయి. అయితే అది గంటలలో వచ్చే మార్పు. కాటు గుర్తు, పొలంలో ఉన్న సమయం అడిగి తెలుసుకుని పాలీవాలెంట్ విరుగుడు సీరం ఇవ్వాలి.

మనిషిని కరిచిన కుక్క బతికి ఉంటే పది రోజులు బంధించి గమనించాలి. లక్షణాలు బయటపడటానికి కొద్ది రోజుల ముందునుండే చొంగలో వైరస్ ఉంటుంది. లక్షణాలు మొదలైన తర్వాత కుక్క సాధారణంగా పది రోజులకు మించి బతకదు. ఈ లెక్కపైనే పది రోజుల గడువు ఆధారపడింది. కరిచిన మనిషికి టీకా మాత్రం ఈ గడువు కోసం ఆగరాదు. అనుమానపు కుక్కను గ్రామాలలో తలపై కర్రలతో మోది చంపడం పరిపాటి. క్రూరత్వం సంగతి అటుంచినా, నిర్ధారణకు కావలసిన ఏకైక అవయవం మెదడే. అది ఛిద్రమైతే పరీక్షకు ఏమీ మిగలదు. చచ్చిన కుక్క తలను రెండు పొరల సంచులలో మంచుగడ్డల మధ్య ఉంచి పంపాలి. ఫ్లోరెసెంట్ యాంటీబాడీ పరీక్షకు మెదడు ముక్కలను తాజాగా గాని, 50 శాతం గ్లిజరిన్ సెలైన్‌లో గాని పంపవచ్చు. ఫార్మలిన్‌లో వేసినవి కణజాల పరీక్షకు ఉద్దేశించినవి. 1903లో అడెల్చి నెగ్రి గుర్తించిన నెగ్రి కణికలు చాలాకాలం నిర్ధారణకు ఆధారంగా నిలిచాయి. అవి కనబడనంత మాత్రాన వ్యాధి లేదని చెప్పలేము. బెంగళూరు హెబ్బాళలోని పశువైద్య కళాశాల రేబిస్ ప్రయోగశాలకు అంతర్జాతీయ గుర్తింపు ఉంది.

గాయాన్ని సబ్బు, ధారగా పారే నీటితో 15 నిమిషాలు కడగాలి. మిరప పండే నేల కనుకనో ఏమో, కుక్క కాటుపై కారం అద్దే అలవాటు ఇక్కడ ఇంకా పోలేదు. సున్నం, ఆకుపసర్లు కూడా రాస్తారు. ఇవి పుండును రేపి వైరస్ నాడులలోకి చేరడానికి దారి సుగమం చేస్తాయి. చర్మం చీలి రక్తం వచ్చిన కాట్లకు టీకాతో పాటు ఇమ్యునోగ్లోబ్యులిన్‌ను గాయంలోనూ దాని చుట్టూ ఎక్కించాలి. పశువైద్య విద్యార్థులు, సహాయకులు ముందుగానే 0, 7, 21 లేదా 28 రోజులలో టీకాలు వేయించుకొని ఉండాలి. కుక్కలకు మూడు నెలల వయస్సులో మొదటి టీకా, తర్వాత బలవర్ధక మోతాదు, ఆపై ఏటా టీకా వేయాలి. 2021లో ప్రకటించిన జాతీయ కార్యాచరణ ప్రణాళిక కుక్కల ద్వారా వచ్చే రేబిస్‌ను 2030 నాటికి నిర్మూలించాలని లక్ష్యంగా పెట్టుకుంది. మందల కాపలా కుక్కలు ఏ టీకా శిబిరానికీ రావు. వాటి కోసం శిబిరమే గొర్రెల దొడ్డి దగ్గరకు, తెల్లవారుజామున, మంద మేతకు కదలకముందు వెళ్లాలి.

రక్తం: విరేచనంలో, ముక్కులో

పిల్లకుక్కకు వాంతులు, రక్తపు విరేచనాలు అనగానే పార్వో వైరస్ గుర్తుకు రావడం సహజమే. 1978లో ప్రపంచం దృష్టికి వచ్చిన ఈ వైరస్ కొద్ది సంవత్సరాలలోనే ఖండాంతరాలకు పాకింది. అయితే ఈ ప్రాంతంలో పల్లెకుక్కల పిల్లలను కొంకిపురుగులు కూడా అంతే నిశ్శబ్దంగా చంపుతాయి. కొంకిపురుగుల వ్యాధిలో విరేచనం తారువలె నల్లగా ఉంటుంది, చిగుళ్లు తెల్లబడతాయి, వాంతులు తక్కువ. పార్వోలో వాంతులు ముందు మొదలవుతాయి, విరేచనం దుర్వాసనతో ఎర్రగా ఉంటుంది, తెల్లరక్తకణాలు పడిపోతాయి. సంతృప్త ఉప్పునీటిలో పేడను కలిపి, తేలిన గుడ్లను సూక్ష్మదర్శినితో చూసే పరీక్షకు ఖర్చేమీ లేదు. తల్లిపాల ద్వారానే ఈ పురుగులు సంక్రమిస్తాయి కనుక రెండవ వారం నుండి ఎనిమిదవ వారం వరకు రెండు వారాలకొకసారి పైరాంటెల్ ఇవ్వాలి.

పార్వోకు ప్రాణాధారం ద్రవ చికిత్స. నిర్జలీకరణ శాతాన్ని శరీర బరువుతో, ఆ వచ్చినదాన్ని పదితో గుణిస్తే కావలసిన మి.లీ.లు వస్తాయి. 6 కిలోల పిల్లకు 8 శాతం నిర్జలీకరణం ఉంటే 480 మి.లీ.; రోజువారీ అవసరం కిలోకు 60 మి.లీ. చొప్పున 360 మి.లీ.; మొత్తం 840 మి.లీ.తో పాటు వాంతులు, విరేచనాలలో పోయేది అదనం. చర్మం కింద 100 మి.లీ. ఎక్కించి ఇంటికి పంపితే ఫలితం ఎలా ఉంటుందో ఈ లెక్కే చెబుతుంది. వాంతులకు మారోపిటాంట్ కిలోకు 1 మి.గ్రా., బాక్టీరియా వ్యాప్తికి యాంపిసిలిన్ వంటి మందులు ఇస్తూ, రక్తంలో గ్లూకోజు, పొటాషియం గమనించాలి. వాంతులు అదుపులోకి రాగానే కొద్దికొద్దిగా ఆహారం మొదలుపెట్టడం మంచిది. రోజుల తరబడి పస్తు పెట్టే పాత పద్ధతిని విడిచిపెట్టాలి. నేలను 30 వంతుల నీటిలో ఒక వంతు బ్లీచింగ్ ద్రావణం కలిపి శుభ్రపరచాలి. సాధారణ క్రిమిసంహారకాలు ఈ వైరస్‌పై పనిచేయవు. టీకా ఆరు నుండి ఎనిమిది వారాల వయస్సులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకొకసారి 16 వారాలు నిండేవరకు కొనసాగించాలి. తల్లినుండి వచ్చిన ప్రతిరక్షకాలు తొలి టీకాలను నిర్వీర్యం చేయవచ్చు కనుక చివరి మోతాదే కీలకం.

పెద్ద కుక్కకు ముక్కు నుండి రక్తం కారితే ఇక్కడ రెండు కారణాలను ముందుగా తలచాలి: పిడుదుల జ్వరం, ఎలుకల మందు. బ్రోమడయోలోన్ ఎర తిన్న కుక్కకు, లేదా దానితో చచ్చిన ఎలుకను తిన్న పిల్లికి, మూడు నుండి ఐదు రోజుల వరకు ఏ లక్షణమూ ఉండదు. ఆలోగా యజమాని ఎర సంగతి మరచిపోతాడు. గాజు నాళికలో తీసిన రక్తం 15 నిమిషాలు దాటినా గడ్డకట్టకపోతే ఈ విషాన్ని అనుమానించాలి. విరుగుడు విటమిన్ కె1, కిలోకు 2.5 నుండి 5 మి.గ్రా. చొప్పున రోజూ, కొవ్వుతో కూడిన ఆహారంతో, మూడు నాలుగు వారాలు ఇవ్వాలి. మందుల దుకాణంలో సులభంగా దొరికే కె3 దీనికి పనిచేయదు. జింకు ఫాస్ఫైడ్ తిన్న జంతువు కథ వేరు. అది కడుపులోని ఆమ్లంతో కలిసి ఫాస్ఫీన్ వాయువును విడుదల చేస్తుంది, గంటలలో వాంతులు, ఆయాసం, మూర్ఛలు వస్తాయి. దానికి విరుగుడు లేదు. ఆహారం పెట్టరాదు, ఆమ్లహరాలు ఇవ్వాలి. జంతువు వాంతి చేసుకునేటప్పుడు వెలువడే వాయువు వైద్యుడికీ ప్రమాదకరం కనుక ఆరుబయట చికిత్స చేయాలి.

పిడుదుల జ్వరాలు

గోధుమరంగు కుక్క పిడుదు ఎర్లికియా, బబీసియా, హెపటోజూన్ పరాన్నజీవులను వ్యాపింపజేస్తుంది. ఎర్లికియా కానిస్‌ను 1935లో అల్జీరియాలో డొనాటియన్, లెస్టోకార్డ్ మొదట వర్ణించారు. వియత్నాం యుద్ధకాలంలో అమెరికా సైన్యపు జర్మన్ షెపర్డ్ కుక్కలు పెద్దసంఖ్యలో రక్తస్రావంతో చనిపోయినప్పుడు దీని తీవ్రత ప్రపంచానికి తెలిసింది. పల్లెకుక్కలో నెలల తరబడి నిద్రాణంగా ఉండే ఈ వ్యాధి అల్సేషియన్ జాతిలో ఉగ్రరూపం దాల్చడం మన ప్రాంతంలోనూ చూస్తున్నదే.

జ్వరం, అరుచి, చిగుళ్లపై ఎర్రచుక్కలు, పెరిగిన లింఫు గ్రంథులు, ముక్కు నుండి రక్తం ఎర్లికియాను సూచిస్తాయి. కాఫీ రంగు మూత్రం, కామెర్లు, ఉబ్బిన ప్లీహం ఉంటే బబీసియా వైపు మొగ్గాలి. చెవి అంచు నుండి తీసిన రక్తపు పూతను జీమ్సా లేదా లీష్మన్ రంగుతో చూడటం ప్రతి పశువైద్యశాలలో సాధ్యమే. జంటగా కనబడే పెద్ద బేరిపండు ఆకారాలు ఒక రకం బబీసియా, చిన్న ఉంగరపు ఆకారాలు బబీసియా గిబ్సోని. ఈ తేడా తెలియకుండా మందు వేయడం వృథా ప్రయాస. ఎర్లికియా గుచ్ఛాలు మోనోసైట్లలో అరుదుగా దొరుకుతాయి. అవి దొరకనప్పుడు ఫలకికలను లెక్కించాలి. నూనె కటకం కింద ఒక్కో క్షేత్రంలో కనబడే ఫలకికల సంఖ్యను 15,000తో గుణిస్తే మైక్రోలీటరుకు సుమారు సంఖ్య వస్తుంది. పూత అంచున ఫలకికలు గుమికూడి ఉన్నాయేమో చూసిన తరువాతే ఈ లెక్కను నమ్మాలి.

ఎర్లికియాకు డాక్సీసైక్లిన్ కిలోకు రోజుకు 10 మి.గ్రా. చొప్పున 28 రోజులు ఇవ్వాలి. మూడు నాలుగు రోజులకే కుక్క లేచి తిరుగుతుంది, యజమాని మందు ఆపేస్తాడు. కొన్ని నెలల తరువాత ఎముకమజ్జ దెబ్బతిన్న స్థితిలో అదే కుక్క తిరిగి వస్తుంది. పెద్ద బబీసియాకు డిమినజీన్ కిలోకు 3.5 మి.గ్రా. ఒకేసారి లోతుగా కండరంలోకి, లేదా ఇమిడోకార్బ్ కిలోకు 5 నుండి 6.6 మి.గ్రా. 14 రోజుల వ్యవధితో రెండుసార్లు ఇస్తారు. డిమినజీన్‌ను పశువులకు వాడే అలవాటుతో కంటి అంచనాగా వేయరాదు. కుక్కలో మోతాదు కొద్దిగా మించినా నాడీ లక్షణాలు వస్తాయి. గిబ్సోని రకానికి ఈ రెండూ చాలవు, అటోవక్వోన్‌ను అజిత్రోమైసిన్‌తో కలిపి ఇవ్వాలి.

పిడుదు నిర్మూలనలో మనం కుక్క ఒంటిని మాత్రమే చూస్తున్నాము. రక్తం తాగిన ఆడ పిడుదు కిందికి రాలి, గోడ పగుళ్లలోకి పాకి వేల గుడ్లు పెడుతుంది. మట్టిగోడల, రాతిగోడల ఇళ్లలో పగుళ్లు పూడ్చి సున్నం వేయడం మందుతో సమానమైన చర్య. ఒంటికి అమిట్రాజ్ 12.5 శాతం ద్రావణాన్ని లీటరు నీటికి 2 మి.లీ. చొప్పున కలిపి రాయవచ్చు, పిల్లులకు రాయరాదు. ఫ్లూరాలనర్, అఫాక్సోలనర్ మాత్రలు సమర్థమైనవే గాని ఖరీదు ఎక్కువ. ఫిప్రోనిల్ కుక్కల మందులోనూ ఉంది, మిరపలో తామర పురుగులకు కొట్టే మందులోనూ ఉంది. పేరు ఒకటైనంత మాత్రాన పొలం మందు కుక్క మందు కాదు. గాఢత వేరు, కలిపే ద్రావకాలు వేరు.

మంద కుక్క, గొర్రె మెదడు

గొర్రె ఒకే వైపు గుండ్రంగా తిరిగి, తల వాల్చి, చివరకు పడిపోయే గిడ్ వ్యాధికి మూలం మంద కుక్క పేగులో ఉంటుంది. టీనియా మల్టిసెప్స్ అనే బద్దెపురుగు గుడ్లు కుక్క పేడతో మేతలోకి చేరి, గొర్రె మెదడులో తిత్తిగా పెరుగుతాయి. ఆ గొర్రె చచ్చినప్పుడు తలను కుక్కకు వేస్తే చక్రం పూర్తవుతుంది. ఎకినోకోకస్ కూడా ఇదే దారిలో గొర్రె కాలేయం, ఊపిరితిత్తులలో తిత్తులను కలిగిస్తుంది. దాని గుడ్లు మనిషి నోటికి చేరితే కాపరి కాలేయంలోనే తిత్తి పెరుగుతుంది. కుక్క మాత్రం ఆరోగ్యంగానే కనబడుతుంది కనుక దానికి వైద్యం చేయించాలన్న ఆలోచన ఎవరికీ రాదు.

ప్రాజిక్వాంటెల్ కిలోకు 5 మి.గ్రా. చొప్పున ఆరు వారాలకొకసారి ఇవ్వాలి. ఈ వ్యవధికి కారణం పురుగు ఎదిగి గుడ్లు పెట్టడానికి దాదాపు అంత సమయం పట్టడమే. మందు పురుగును చంపుతుంది గాని గుడ్లను చంపదు. కనుక మందు వేసిన తరువాత రెండు మూడు రోజులు కుక్కను కట్టేసి, పేడను కాల్చడమో పూడ్చడమో చేయాలి. 19వ శతాబ్దంలో ఐస్‌లాండ్ దేశం ఈ తిత్తుల వ్యాధితో సతమతమైనప్పుడు డెన్మార్క్ శాస్త్రవేత్త హెరాల్డ్ క్రాబె 1864లో ఒక చిన్న పుస్తకం రాసి, వ్యాధి ఎలా వస్తుందో ప్రజలకు వివరించాడు. అప్పటికి నమ్మదగిన మందు లేదు. కోసిన గొర్రె అవయవాలను కుక్కలకు వేయకపోవడం అన్న ఒక్క అలవాటు చుట్టూ సాగిన ఆ కృషి తరువాతి తరాలలో ఫలించింది. మన మందలకు ప్రాజిక్వాంటెల్ మాత్ర ఉంది. గొర్రెలకు నట్టల మందు తాగించే కార్యక్రమాలలో ప్రతి మందకూ దాని కుక్కలను చేర్చి లెక్కిస్తే అదనపు వ్యయం స్వల్పమే.

పిల్లి చిన్న కుక్క కాదు

పిల్లి కాలేయానికి కొన్ని పదార్థాలను గ్లూకురోనైడ్‌గా మార్చి విసర్జించే శక్తి చాలా తక్కువ. ఇది ఒక్కటి గుర్తుంచుకుంటే మనచేతులతో జరిగే మరణాలు చాలావరకు ఆగుతాయి. జ్వరమని అర పారాసిటమాల్ మాత్ర వేసినా పిల్లి చావవచ్చు. చిగుళ్లు గోధుమరంగుకు మారి, ముఖం, పాదాలు వాచి, ఆయాసం వస్తుంది. ఎన్-అసిటైల్‌సిస్టీన్ కిలోకు 140 మి.గ్రా. మొదట, తరువాత 70 మి.గ్రా. చొప్పున నాలుగు నుండి ఆరు గంటలకొకసారి ఇవ్వాలి. ఆంపూల్‌లోని ద్రావణాన్ని 5 శాతానికి పలుచన చేసిన తరువాతే సిరలోకి ఎక్కించాలి. కుక్కల కోసం తయారైన పెర్మెత్రిన్ చుక్కలు పిల్లి మెడపై వేస్తే ఆగని వణుకు, మూర్ఛలు వస్తాయి. మందు కొట్టిన చేలో తిరిగి, మందు అంటిన బస్తాలపై పడుకుని, ఒళ్లు నాకి శుభ్రం చేసుకునే పిల్లికి సింథటిక్ పైరెత్రాయిడ్లు నేరుగా నోటికే చేరతాయి. ఇక్కడ అట్రోపిన్ విరుగుడు కాదు. సబ్బునీటి స్నానం, మెథోకార్బమాల్, శరీర ఉష్ణోగ్రత కాపాడటమే చికిత్స.

పాన్‌ల్యూకోపీనియా వ్యాధి పార్వో కుటుంబానికి చెందినదే. చికిత్సా సూత్రాలు కూడా అవే. తుమ్ములు, కళ్ల పుసి, నాలుకపై పుండ్లతో వచ్చే శ్వాసకోశ వ్యాధులలో పిల్లి వాసన తెలియక తిండి మానేస్తుంది. ముక్కు శుభ్రం చేసి, వేడిచేసిన చేపముక్క పెట్టడం మందుకన్నా ముందు చేయవలసిన పని. గజ్జి, తామర వంటి చర్మవ్యాధులలో చర్మాన్ని గీకి సూక్ష్మదర్శినిలో చూడకుండా ఐవర్‌మెక్టిన్ వేయడం తగదు.

మగపిల్లి పదేపదే కూర్చుని ముక్కుతుంటే యజమాని మలబద్ధకం అంటాడు. పొట్ట తడిమి చూడాలి. మూత్రాశయం నిమ్మకాయవలె గట్టిగా తగిలితే అది మూత్రనాళం మూసుకుపోయిన అత్యవసర స్థితి. ఒకటి రెండు రోజులలో రక్తంలో పొటాషియం పెరిగి గుండె ఆగుతుంది. ఆముదం తాగించి రేపు రమ్మనడానికి వ్యవధి లేదు. మత్తు ఇచ్చి, సన్నని కాథెటర్‌తో అడ్డును తొలగించి, ద్రవ చికిత్స ఆనాడే మొదలుపెట్టాలి. ఆ సదుపాయం లేనిచోట సన్నని సూదితో పొట్ట గోడ ద్వారా మూత్రాన్ని తీసి, ఒత్తిడి తగ్గించి, గన్నవరంలోని ఎన్టీఆర్ పశువైద్య కళాశాల వంటి బోధనాసుపత్రికి అదేరోజు పంపాలి.